అరటిపండులో మాత్ర

ప్రతి ఉదయం ఏడుంబావుకు లిఫ్టు మెకానిక్ తన కూతుర్ని భుజాన వేసుకుని డాబా మీదికి వెళ్ళేవాడు. జేబులోంచి చిన్న అరటిపండు తీసి, తొక్క సగం దాకా ఒలిచి, గోటితో గాటు పెట్టి, అందులో సగం మాత్ర కూరేవాడు. ఆ సమయానికి కింద అతని భార్య స్నానం చేస్తూ ఉండేది. బకెట్లో నీళ్ళు పడే చప్పుడు గొట్టంలోంచి డాబా మీదికి వినిపించేది. ఆ చప్పుడు ఆగేలోపు పిల్ల మింగాలి.

పిల్లకు రెండున్నరేళ్ళు. ముక్కను బుగ్గన దాచుకుని తండ్రి మొహం చూస్తూ కూర్చునేది. "మింగు తల్లీ, మింగు మరి" అని గొంతు మీద వేలితో నిమిరితే గానీ మింగేది కాదు. ఆ తర్వాత నోరు తెరిపించి నాలుక కింద చూసేవాడు. సాయంత్రం పని నుంచి వచ్చాక మిగతా సగం.

ఆ మాత్ర మానెయ్యమని డాక్టరు చెప్పి అప్పటికి మూడు నెలలు. మానేశామనే భార్య అనుకుంటోంది. మానేస్తే పిల్ల దక్కదని అతను అనుకుంటున్నాడు. అలా అనుకోవడం అతను తన బతుకులోంచే నేర్చుకున్నాడు.

అతనికి తొమ్మిది నెలల వయసులో జ్వరం వచ్చి మొదటిసారి ఫిట్స్ వచ్చాయట. తండ్రి మొహం అతనికి గుర్తులేదు. తల్లి అచ్చాఫీసులో కాగితాలు మడతపెట్టే పని చేసేది. ఒళ్ళు కాలితే చాలు, పిల్లాడు కళ్ళు తేలేసేవాడు. ఐదేళ్ళు నిండేలోపు ఎనిమిదిసార్లు. చివరికి ఒక డాక్టరు మాత్ర రాసిచ్చాడు. తెల్లగా, గుండ్రంగా, మధ్యలో ఒక గీతతో ఉండేది. దాని పేరు కార్బమజెపైన్ అని అతనికి పెద్దయ్యాక తెలిసింది. ఇంట్లో మాత్రం ఎప్పుడూ అది అడ్డగీత మాత్రే.

అతనికి ఆరేళ్ళప్పుడు అచ్చాఫీసులో ఎవరో ఆ మాత్ర వేస్తే పిల్లాడు మొద్దబ్బాయి అవుతాడని చెప్పారు. తల్లి మానిపించింది. పదకొండో రోజు బడిలో, లెక్కల పీరియడులో, బెంచీ మీంచి పడ్డాడు. అప్పటికే ఒళ్ళు జ్వరంతో కాలిపోతోందని టీచరు చెప్పింది గానీ తల్లి ఆ మాట వినిపించుకోలేదు. ఆమెకు వినిపించింది పదకొండు రోజులన్న లెక్క ఒక్కటే. అప్పుడు నాలుక ఎడమ అంచు తెగింది. ఇప్పటికీ అక్కడ చిన్న నొక్కు ఉంది. ఆ రోజు నుంచి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా ఒక్క పూట తప్పలేదు. మాత్రను అచ్చు కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టి పంపేది. ఇంటికి రాగానే కాగితం చూపించమనేది. తర్వాత డాక్టరే మెల్లగా ఆపించాడు. ఫిట్స్ మళ్ళీ రాలేదు.

"నిన్ను బతికించింది నేను కాదు నాన్నా, ఆ మాత్ర" అనేది తల్లి, ఎవరున్నా లేకపోయినా.

పంతొమ్మిదో ఏట అతను లిఫ్టుల పనిలో చేరాడు. నేర్పిన మేస్త్రీ ముక్కోపి. ఎత్తు భవనాల్లో లిఫ్టును మోసే ఉక్కుతాళ్ళు అరిగిపోతే మార్చడం ఆ పనిలో పెద్ద పని. ఐదారు తాళ్ళుంటాయి. అన్నీ ఒక్కసారి విప్పరు. ఒకటి విప్పి, దాని చోట కొత్తది ఎక్కించి, బిగువు చూసి, అది తన వంతు బరువు పట్టిందని తేలాకే రెండోదాని మీద చెయ్యి వేస్తారు. మొదటి నెలలో అతను తొందరపడి రెండో తాడు నట్టు మీద స్పానరు పెట్టాడు. మేస్త్రీ స్పానరు లాక్కుని అతని మణికట్టు మీద ఒక్కటిచ్చాడు.

"కొత్తది బరువు పట్టిందని నీకెవరు చెప్పారు? నీ అత్తగారా?"

"కొత్తదే కదండీ మేస్త్రీ."

"కొత్తదైతే? కొత్తదని మురిసిపోవడానికి ఇదేమన్నా పెళ్ళికూతురా? పాతది పట్టుకునుండగా కొత్తదాన్ని పరీక్ష చెయ్యాలి. అరిగిందో తుప్పు పట్టిందో, ఇన్నాళ్ళూ మోసింది అదే."

పదిహేనేళ్ళలో అతను నూటికి పైగా లిఫ్టులకు తాళ్ళు మార్చాడు. ఒక్కటి జారలేదు. అతనితో జంటగా పనిచేసే పొడుగాయన నవ్వుతూ అనేవాడు. "వీడు పెళ్ళాన్ని నమ్మడు, నన్ను నమ్మడు. టెస్టరు దీపం వెలిగితే నమ్ముతాడు, అదీ రెండోసారి పెట్టి చూశాక."

పెళ్ళి ముప్పయ్యో ఏట అయింది. భార్య యూనిఫారాలు కుట్టే దుకాణంలో కాలర్లు కుట్టేది. చెప్పాల్సింది ముందే చెప్పాడు. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవని, మాత్రతో పోయాయని. "పోయినవాటి గురించి ఇప్పుడెందుకులెండి" అంది ఆమె. ఏడాది తిరిగేసరికి కూతురు పుట్టింది. నోరు ఊరుకునేది కాదు, మాట కాని మాటలతో ఇల్లంతా మోగించేది. నాన్నమ్మ గిలక్కాయ అని పిలిచింది, అదే అందరికీ అలవాటైంది.

ఆరో నెలలో, వేడినీళ్ళ స్నానం చేయించి తువ్వాలులో చుడుతుండగా, గిలక్కాయ ఎడమ చెయ్యి, ఎడమ కాలు కొట్టుకోవడం మొదలెట్టాయి. ఇరవై ఆరు నిమిషాలు కొట్టుకున్నాయి. ఆస్పత్రిలో సూది వేస్తే గానీ ఆగలేదు. స్కానింగులో ఏమీ లేదన్నారు, తలకు తీగలు పెట్టి తీసిన కాగితంలోనూ ఏమీ లేదన్నారు. నెల తర్వాత కుడివైపు వచ్చాయి. దగ్గర్లోని క్లినిక్కు డాక్టరు తండ్రి కథంతా విని, "మీకు పనిచేసింది కదా, అదే మొదలుపెడదాం" అన్నాడు. నాన్నమ్మ ఆ చీటీని కళ్ళకద్దుకుంది.

అప్పట్నుంచి పిల్ల దిగజారింది. ఫిట్స్ ఎక్కువయ్యాయి, డోసు పెంచారు. ఇంకా ఎక్కువయ్యాయి, మళ్ళీ పెంచారు. ఏడాదిన్నర నిండేసరికి కొత్తరకం మొదలైంది. కూర్చున్న పిల్ల ఎవరో వెనకనుంచి తోసినట్టు ఉలిక్కిపడేది. చేతిలో చెంచా ఎగిరి పడేది. రోజుకు ముప్పై, నలభై సార్లు. ఎండలో నిలబెడితే వచ్చేవి, గోరువెచ్చని నీళ్ళు పోస్తే వచ్చేవి, ఏడిస్తే వచ్చేవి. భార్య ఇస్త్రీ బల్లల వేడి పిల్లకు పడదని పని మానేసింది. నీళ్ళు, పిట్ట, బూట్లు, పో అని నాలుగు మాటలు వచ్చిన పిల్లకు ఒక్కొక్కటే పోయాయి. అన్నిటికంటే చివర పోయింది 'పో'.

అప్పుడు పెద్దాస్పత్రిలో పిల్లల నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆమె పిల్ల రక్తం, వీళ్ళిద్దరి రక్తం తీయించి జన్యువుల పరీక్షకు పంపింది. రిపోర్టు వచ్చిన రోజు ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఉప్పులో సోడియం ఉంటుంది కదా, అది మన మెదడులోనూ పనిచేస్తుంది. నరాల కణాల గోడలకి సన్నటి ద్వారాలుంటాయి. అవి తెరుచుకుని సోడియం లోపలికి దూకితేనే కణంలో కరెంటు పుడుతుంది. ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువు ఎవరికైనా జంటగా ఉంటుంది, పాపకు అందులో ఒకటి చెడిపోయింది. ఇంకోటి బాగుంది. అంటే సగం ద్వారాలే పనిచేస్తున్నాయి."

"సగమే తెరుచుకుంటే కరెంటు తగ్గాలి కదా మేడమ్" అన్నాడు అతను. "ఫిట్స్ అంటే కరెంటు ఎక్కువవడం అంటారుగా?"

డాక్టరు అతని వైపు కాస్త ఆసక్తిగా చూసింది. "మంచి ప్రశ్న. మెదడులో రేగే కణాలుంటాయి, వాటిని ఆపే కణాలుంటాయి. ఈ రకం ద్వారం ఎక్కువగా పనికొచ్చేది ఆపేవాటికి. మీ పాపకు బలహీనపడ్డవి అవే. ఇప్పుడు మీరు వేస్తున్న మాత్ర చేసే పని సోడియం ద్వారాలని మూసి ఉంచడం. చాలామంది ఫిట్స్ రోగులకి అది మంచి మందు. పాపకి మాత్రం, ఆపే కణాలకి మిగిలిన ఆ సగాన్ని కూడా నొక్కేస్తోంది."

అతనికి అది ఎక్కలేదు. లిఫ్టులో కరెంటు పోతే బ్రేకు దానంతటదే పట్టుకుంటుంది. కరెంటు ఉంటేనే బ్రేకు వదులుతుంది. పదిహేనేళ్ళుగా అతని చేతులకు తెలిసిన బ్రేకు అదే. కరెంటు లేకపోతే వదిలేసే బ్రేకు ఉంటుందని, అలాంటిదాన్ని ఎవరైనా పిల్ల తలలో పెడతారని అతను ఊహించలేకపోయాడు.

"ఇది నా నుంచే వచ్చిందా?"

"మీ నుంచే. మీ ఒంట్లో కొన్ని కణాల్లోనే ఉంది, అందుకే చిన్నప్పటి జ్వరాలతో పోయింది. పాపకు అన్ని కణాల్లోనూ ఉంది."

"నాకు పోయింది మాత్రతో మేడమ్."

"మాత్ర లేకపోయినా పోయేదేమో. ఇప్పుడెవరూ చెప్పలేరు."

తల్లి పన్నెండేళ్ళు కట్టిన పొట్లాలు అతని కళ్ళముందున్నాయి.

డాక్టరు కాగితం మీద రాసిచ్చింది. అడ్డగీత మాత్ర రెండు వారాల్లో తగ్గించి ఆపెయ్యాలి. వాల్‌ప్రోయేట్ అనే సిరప్ పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. పడుకునేముందు క్లోబజామ్ అనే చిన్న మాత్ర. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే స్ప్రే. భార్య ఆ కాగితాన్ని బీరువా తలుపుకు అంటించింది. ఫోనులో అలారం పెట్టింది. సిరప్ కొలిచే పిచికారీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, బుడగ కనిపిస్తే వెనక్కి పోసి మళ్ళీ లాగేది. రెండు వారాలు కాగానే మిగిలిన అడ్డగీత మాత్రల్ని చెత్తబుట్టలో వేసింది.

ఆ రోజే అతను చిన్నప్పట్నుంచి తెలిసిన మందుల షాపుకు వెళ్ళాడు.

"ఇదేంటి, పెళ్ళికి ముందే మానేశావుగా?" అన్నాడు షాపాయన.

"మళ్ళీ మొదలెట్టాను."

"ఎందుకూ? పెళ్ళామొచ్చాక తల తిరుగుతోందా?"

"అలాంటిదే."

షాపాయన నవ్వుతూ ఒక స్ట్రిప్ కత్తిరించి ఇచ్చాడు. అతను దాన్ని పనిసంచిలో, ఫ్యూజు తీగల డబ్బాలో పెట్టాడు. మోసం చేస్తున్నానని అతనికి అనిపించలేదు. కొత్త మందు బరువు పట్టిందని తేలిన రోజున పాతది తీసేస్తాను అనుకున్నాడు. అది భార్యకు చెప్పి ఉండవచ్చు. చెబితే ఆమె డాక్టరు కాగితం చూపిస్తుంది. కాగితానికి అతని దగ్గర జవాబు లేదు, నాలుక అంచున నొక్కు తప్ప.

కొత్త మందు బరువు పట్టలేదు. రెండు నెలలు గడిచినా పట్టలేదు. డాక్టరు సిరప్ పెంచింది, మళ్ళీ పెంచింది. పిల్ల మత్తుగా తూలుతూ నడిచేది, మధ్యలో ఉలిక్కిపడి ముందుకు తూలేది. నుదుటి మీద దెబ్బ మానకముందే దాని పక్కనే ఇంకోటి తగిలేది. భార్య పాత చీర మడతలు పెట్టి తలకు మెత్తటి టోపీ కుట్టింది. చూశారా, కొత్తదాంతో ఏమీ కాలేదు, పాతది లేకపోతే ఏమయ్యేదో అని అతను లోపల్లోపల అనుకునేవాడు.

మూడో నెల చివర వేరే ఊళ్ళో కొత్త భవనానికి లిఫ్టు బిగించే పని పడింది. నాలుగు రోజులు. వెళ్ళేముందు తల్లికి చెప్పి మాత్ర పెట్టించాలనుకున్నాడు గానీ ఆమె నోట్లో మాట దాగదని మానేశాడు. మొదటి రెండు రోజులూ గంటకోసారి ఫోను చేశాడు. మూడో రోజు భార్య గొంతు మారింది.

"నిన్న రెండే ఉలికిపాట్లు. ఇవాళ ఇప్పటిదాకా లేవు."

"సరిగ్గా చూశావా?"

"నేను చూడకేం చేస్తున్నానండీ, దానెదురుగానే కూర్చున్నా. ఇంకోటి చెప్పనా? గ్లాసు చూపించి 'నీ' అంది."

"నీ అంటే?"

"నీళ్ళు. ఇంకేముంటుంది?"

అతను ఫోను పెట్టేసి గోడకు ఆనుకున్నాడు. కొత్తది పట్టింది అన్న మాట అతని మనసులో ఒక్క క్షణం నిలబడింది. వెంటనే పదకొండు రోజులన్న లెక్క వచ్చింది. అతను ఆరేళ్ళవాడిగా ఉన్నప్పుడు కూడా పది రోజులు బాగానే ఉన్నాడు. పడింది పదకొండోనాడు. తిరిగొచ్చిన సాయంత్రమే అరటిపండు కొన్నాడు.

రెండు రోజులకు ఉలికిపాట్లు మళ్ళీ వచ్చాయి. నాలుగో రోజు మధ్యాహ్నం పెద్దది వచ్చింది. స్ప్రే కొట్టినా పద్నాలుగు నిమిషాలు. పెదాలు నీలంగా అయిపోయాయి. ఆస్పత్రి గుమ్మంలో చక్రాల మంచం మీద పిల్లను పడుకోబెట్టి తోస్తుంటే అతను పక్కనే పరుగెత్తుతూ, నాలుగు రోజులు ఖాళీ పెట్టాను, నాలుగు రోజులు ఖాళీ పెట్టాను అని లోపల జపంలా అనుకున్నాడు. మర్నాటి నుంచి సగం బదులు ముప్పావు పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ వారంలో ఒకరోజు లిఫ్టు గుంతలో స్ప్రింగులకు గ్రీజు పెడుతుంటే పొడుగాయన అతని చొక్కా జేబు వైపు చూశాడు.

"అదేంట్రా తెల్లగా, పిండి?"

"సున్నం."

"సున్నం గోడకుంటుంది గానీ జేబులో ఉంటుందా? ఏం, ఇల్లు కడుతున్నావా చొక్కాలో?" కాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు. "పాప ఎలా ఉంది?"

"మందులు పనిచెయ్యట్లేదు."

"డాక్టర్ని మార్చరాదూ?"

"మార్చాల్సింది డాక్టర్ని కాదేమో." ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియలేదు. పొడుగాయన ఇంకా అడుగుతాడేమోనని గ్రీజు డబ్బా తీసుకుని గుంత అవతలి మూలకు పోయాడు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమె ఎదుట ఒక రక్తపరీక్ష కాగితం ఉంది. ఈసారి ఆమె అతని వైపు చూడలేదు. అతని భార్య వైపే చూసింది.

"పాప బరువుకి మీరు పోస్తున్న సిరప్ చాలా ఎక్కువ. రక్తంలో మాత్రం ఉండాల్సినదాంట్లో మూడో వంతు కూడా కనిపించట్లేదు. రోజూ పోస్తున్నారా అమ్మా?"

"పోస్తున్నాను మేడమ్. ఎనిమిదికీ ఎనిమిదికీ."

"కక్కేస్తోందా?"

"లేదు."

"ఇంకేమైనా మందులు వేస్తున్నారా? నాటు మందులు, పాత మందులు?"

"లేదు మేడమ్. మీరు రాసినవే."

అతను బల్ల అంచు మీద చెక్క లేచిపోయిన చోట వేలు పెట్టి తడుముతున్నాడు. డాక్టరు గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనమే ఘోరంగా ఉంది.

"చూడమ్మా, మీ మీద తప్పు పెట్టడం లేదు. ఇలాంటి పిల్లతో రాత్రీ పగలూ ఉంటే ఎవరైనా అలిసిపోతారు. అప్పుడప్పుడు మర్చిపోతారు."

"ఖాళీ సీసాలు అన్నీ దాచాను. తెచ్చి చూపించమంటారా?"

"అక్కర్లేదు. వారం రోజులు ఇక్కడ ఉంచుదాం. మందులు నర్సే ఇస్తుంది, మీరు పక్కన ఉంటే చాలు. అప్పుడు తెలుస్తుంది."

భార్య తల ఊపింది. వంగి పిల్ల చెప్పు పట్టీ బిగించింది. పట్టీ బిగువుగానే ఉంది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. పిల్ల తల్లి ఒళ్ళో మగతగా పడుకుంది. అవతల లిఫ్టు దగ్గర జనం నిలబడి ఉన్నారు. భార్య తనలో తాను అనుకున్నట్టు మొదలుపెట్టింది.

"నేనే ఎక్కడో మర్చిపోతున్నానేమోనండీ."

"లేదు."

"మీకేం తెలుసు? మీరు పనికి పోతారు. రాత్రి ఎనిమిదికి నాకు కళ్ళు మూసుకుపోతుంటాయి. పోశాననుకుని పడుకుంటున్నానేమో. మొన్న పొద్దున అలారం మోగిందో లేదో నాకు గుర్తు రావట్లేదు. గుర్తు తెచ్చుకుందామంటే..." ఆమె పిల్ల తలమీద టోపీ సర్దింది. "నాకు మతి పోతోందేమో. నా చేతుల్తో నేనే దీన్ని..."

"లేదన్నానా?"

"మరి రక్తంలోకి ఎందుకు పోవట్లేదు? నోట్లో పోస్తే ఎక్కడికి పోతోంది?"

అతను కాళ్ళ దగ్గరున్న పనిసంచి తెరిచాడు. ఫ్యూజు తీగల డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది, రెండుసార్లు తిప్పాల్సి వచ్చింది. స్ట్రిప్ తీసి ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టాడు. పది గూళ్ళలో ఏడు పగిలి ఉన్నాయి. ఒక గూట్లో ముప్పావు పోను మిగిలిన పావు ముక్క ఉంది.

భార్య దాన్ని వెంటనే చేతిలోకి తీసుకోలేదు. మధ్యలో గీత చూసింది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పారేసిన రోజు నుంచి."

"రోజూనా?"

"ఆ నాలుగు రోజులు తప్ప."

ఆ నాలుగు రోజులు అన్న మాట ఆమెకు అందడానికి కొంచెం సమయం పట్టింది. అందాక ఆమె కళ్ళు మూసుకుంది. అతనికీ అప్పుడే అందింది. నెల రోజులుగా అది అతని ఎదురుగానే ఉంది. మాత్ర లేని రెండో రోజుకే రెండు ఉలికిపాట్లు. 'నీ' అన్న మాట. అరటిపండు పెట్టాక పద్నాలుగు నిమిషాలు. టెస్టరు రెండోసారి పెట్టి చూసే మనిషి అతను. ఈసారి వెలిగిన దీపాన్ని వెలగలేదనుకున్నాడు.

"మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు."

ఆమె పిల్లను భుజాన వేసుకుని లేచింది. స్ట్రిప్ అతని చేతిలో పెట్టింది. "రండి. మీరే చెప్పండి. నా నోటితో నేను చెప్పను." వరుసలో ఉన్నవాళ్ళు ఏదో అంటున్నా వినకుండా డాక్టరు గది తలుపు తోసింది.

అతను నిలబడే చెప్పాడు. ఎంత పెట్టాడో, ఎప్పుడు ముప్పావు చేశాడో, ఏ నాలుగు రోజులు పెట్టలేదో అన్నీ చెప్పాడు. డాక్టరు కోప్పడుతుందనుకున్నాడు. ఆమె కలం మూత పెట్టి మళ్ళీ తీసింది.

"ఈ మాత్ర ఇంకో పని కూడా చేస్తుంది. సిరప్‌ని ఒంట్లో నిలవనివ్వదు. లివరు దాన్ని తొందరగా అరగదీసేసేలా చేస్తుంది. మీ భార్య ఎంత పోసినా రక్తంలో కనిపించకపోవడం అందుకే." తర్వాత భార్య వైపు తిరిగింది. "నన్ను క్షమించండమ్మా."

భార్య పిల్లను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఇప్పుడే ఆపేస్తాను మేడమ్" అన్నాడు అతను.

"ఒక్కసారిగా కాదు. ఇక్కడే ఉంచి, చూస్తూ తగ్గిద్దాం. సిరప్ కూడా తగ్గించాలి, లేకపోతే రక్తంలో ఒక్కసారి పెరిగిపోతుంది. మీరు ఇంక పాప మందులు ముట్టుకోకండి."

"ఆ మాటలు?" అన్నాడు. "దానికి నాలుగు మాటలు వచ్చేవి. తిరిగి రాకపోవడం నేను పెట్టినందువల్లేనా?"

"జబ్బు వల్లా పోతాయి. మీరు పెట్టడం మంచి చెయ్యలేదు. దేనివల్ల ఎంత అన్నది నేను విడదీసి చెప్పలేను."

పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. అతను పొద్దున పనికి వెళ్ళేవాడు, సాయంత్రం వచ్చి మంచం కాళ్ళ వైపు స్టూలు మీద కూర్చునేవాడు. భార్య అతనితో నేరుగా మాట్లాడటం మానేసింది. "గిలక్కాయా, మీ నాన్నని ఆ తువ్వాలు ఇటివ్వమను" అనేది. పిల్ల ఏమీ అనేది కాదు. అతను తువ్వాలు ఇచ్చేవాడు.

తల్లి చూడటానికి వచ్చింది. కోడలే అంతా చెప్పింది, ముక్తసరిగా. ముసలామె మంచం పట్టీ పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత కొడుకును వరండాలోకి పిలిచింది.

"ఒరే నాన్నా, అది పిల్లకి విషమైతే, మరి నీకు? నీకు కూడా అక్కర్లేకపోయిందా? పన్నెండేళ్ళు ఊరికే తినిపించానా?"

డాక్టరు అన్నది అతనికి గుర్తుంది.

"నాకు అక్కరకొచ్చిందమ్మా. నా సంగతి వేరు."

"నిజంగానా?"

"నిజంగానే."

ఆమె అతని చొక్కా జేబు మీద చెయ్యి వేసి ఒకసారి తట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ మాత్ర మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక ఉలికిపాట్లు తగ్గాయి. రోజుకు నలభై ఉండేవి ఐదారుకు వచ్చాయి. కొన్ని రోజులు అసలు లేవు. సిరప్ సగం పోస్తున్నా రక్తంలో సరిపడా ఉందన్నారు. జబ్బు పోదని, జ్వరం వస్తే భయపడాల్సిందేనని, ఎప్పటికీ కనిపెట్టుకుని ఉండాలని కూడా అన్నారు. పిల్ల తూలకుండా నడుస్తోంది. మాటలు రాలేదు. అతను పనికి వెళ్ళేముందు దాని ఎదుట గొంతుకూర్చుని ఒక్కొక్కటే చెప్పేవాడు. నీళ్ళు. పిట్ట. బూట్లు. పిల్ల అతని నోటినే చూసేది, అక్కడేదో దొరుకుతుందన్నట్టు. బండబూతు తిట్టినా ఫర్వాలేదనిపించేది అతనికి. కనీసం 'పో' అన్నా చాలు.

ఇంటికొచ్చిన ఇరవై మూడో రోజు, మధ్యాహ్నం. అతనికి సెలవు. పిల్లకు జలుబు చేసి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది. తడిగుడ్డతో తుడుస్తుండగా కళ్ళు ఒక పక్కకు పోయాయి. ఎడమ చెయ్యి మొదలుపెట్టింది.

భార్య పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. అతను స్ప్రే మూత విప్పి గడియారం చూస్తూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక నిమిషం. బుగ్గ మీదుగా నురగ కారుతోంది. భార్య కొంగుతో తుడిచింది. నిమిషం ముప్పై. అతని చెయ్యి ముందుకు పోయింది.

"ఐదు దాకా ఆగాలి" అంది ఆమె, అతని వైపు చూడకుండా.

"తెలుసు."

"తెలిస్తే ఆగండి."

అతను ఆగాడు. అతని బతుకులో ఆగడం ఇంత కష్టమవడం ఎప్పుడూ లేదు. రెండు నిమిషాలు. చెయ్యి కొట్టుకోవడం నెమ్మదించింది, వేళ్ళు మాత్రం ఇంకా కదిలాయి. తర్వాత అవీ ఆగాయి. పిల్ల గట్టిగా ఊపిరి తీసుకుంది, పెదాల రంగు మారలేదు. స్ప్రే వాడకుండా పెద్ద ఫిట్ దానంతటదే ఆగడం అదే మొదటిసారి.

"ఎంతయింది?"

"రెండు నిమిషాల పది."

ఆమె పిల్లను ఒళ్ళోకి లాక్కుని గోడకు ఆనుకుంది. అతను మూత బిగించి, తడిగుడ్డ తీసుకుని లేవబోయాడు.

"ఎక్కడికి?"

"గుడ్డ తడిపి తెస్తా."

"నిద్రపోతోంది. కాసేపు ఇక్కడే ఉండండి" అంది. ఆమె మొహంలో క్షమించినట్టు ఏమీ లేదు. పిల్ల కాళ్ళు పొడుగ్గా సాగి అతని వైపు వచ్చి ఉన్నాయి. వాటిని తన ఒళ్ళోకి తీసుకోవచ్చో లేదో అతనికి తెలియలేదు. ఆమె వద్దనలేదు. తీసుకున్నాడు.